ఈ చోటు ఖాళీ అని డ్రైవ్‌కు ఎవరు చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, హైకూ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడేవాళ్లు ఎస్ఎస్‌డీ (కదిలే భాగాల్లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) వేగం, అరుగుదల గురించి అడిగిన ప్రశ్నలవి. మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, చోటంతా వీటికే ఇస్తున్నాను. ఈ సిస్టమ్‌లు వాడేవాళ్లు తక్కువ. ఇబ్బంది వస్తే పక్కన కూర్చుని చూసిపెట్టే మనిషి దొరకడు. ఫ్రీబీఎస్‌డీ మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ అవస్థ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ప్రశ్న: మేడమ్, నా పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ తీసేసి సాటా కనెక్షన్ ఉన్న ఎస్ఎస్‌డీ పెట్టి, ఫ్రీబీఎస్‌డీ ఎక్కించాను. ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో పద్దు రాసే ఏర్పాటు) యూఎఫ్ఎస్. మొదట్లో ప్రాణం లేచొచ్చినట్టు పరిగెత్తింది. ఏడాది తిరిగేసరికి పెద్ద ఫైల్ కాపీకి పెడితే మధ్యమధ్యలో అయిదారు సెకన్లు బిగుసుకుపోతోంది. మౌస్ కదులుతుంది కానీ ఏదీ తెరుచుకోదు. డ్రైవ్ పోయినట్టేనా?

జవాబు: పోయిందని అప్పుడే అనుకోకండి. మీ ఉత్తరం చదువుతుంటే నా పాత ల్యాప్‌టాపే కళ్ల ముందు కనబడింది. సరిగ్గా ఇదే జరిగింది. ఎనిమిది నెలలు బాగా నడిచి, తర్వాత ఏ ప్యాకేజీ బిల్డ్ చేసినా (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారు చేసినా) మధ్యలో ఆగిపోయేది. జీస్టాట్ అనే కమాండ్ తెరిచి పెట్టుకుని చూస్తూ కూర్చునేదాన్ని. డ్రైవ్ ఎంత తీరిక లేకుండా ఉందో చెప్పే గడి ఎర్రగా మారి నూటికి చేరేది. పక్కనే రాత వేగం చూస్తే సెకనుకు మూడు ఎంబీ కూడా ఉండేది కాదు. అంత పనిచేస్తున్న డ్రైవ్ ఇంత తక్కువ రాయడమేమిటి? కేబుల్ మార్చాను. బయోస్ సెట్టింగులు తిరగేశాను. కొత్త డ్రైవ్ కొనాల్సిందేనని మనసులో తీర్మానించుకున్నాక, ఒక రాత్రి ట్యూన్‌ఎఫ్ఎస్ కమాండ్‌కు మైనస్ పీ తగిలించి ఫైల్ సిస్టమ్ వివరాలు తెప్పించాను. ట్రిమ్ అన్న మాట ఎదురుగా 'డిసేబుల్డ్' అని ఉంది. నా టెన్షన్ అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ట్రిమ్ ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఎస్ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీలో రాయడం, చదవడం పేజీల లెక్కన జరుగుతాయి. ఒక పేజీ మామూలుగా 4 కేబీ నుంచి 16 కేబీ దాకా ఉంటుంది. చెరపడం మాత్రం పేజీ లెక్కన కుదరదు. వందల పేజీలున్న బ్లాకు మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. ఒకసారి రాసిన పేజీ మీద మళ్లీ రాయాలంటే ముందు ఆ బ్లాకు చెరిగి ఉండాలి. ఇక మీరు ఒక ఫైల్ డిలీట్ చేశారనుకోండి. ఫైల్ సిస్టమ్ తన పద్దులో 'ఈ చోటు ఖాళీ' అని రాసుకుంటుంది. డ్రైవ్‌కు ఆ కబురు అందదు. అద్దెకున్నవాళ్లు గది ఖాళీ చేసి వెళ్లినా ఇంటి యజమానికి తెలియకపోతే ఎలా ఉంటుందో, అలాగన్నమాట. ఆ గది ఎవరికీ ఇవ్వడు, తాళం వేసి కాపలా కాస్తుంటాడు.

ఒక బ్లాకులో 256 పేజీలున్నాయి, వాటిలో 200 మీరు ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్లవి అనుకుందాం. కబురు అందితే డ్రైవ్ మిగిలిన 56 పేజీలను పక్కకు మార్చి, బ్లాకు చెరిపేసి, 200 పేజీల చోటు సంపాదించుకుంటుంది. అందకపోతే 256 పేజీలూ పనికొచ్చేవే అనుకుని మోస్తుంది. అంత మోసినా ఒక్క పేజీ చోటు కూడా మిగలదు. ఇలాంటి బ్లాకులతో డ్రైవ్ నిండిపోయాక మీరు కొత్తగా ఏది రాయమన్నా, ముందు ఈ మోతంతా జరగాలి. మీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయే ఆ అయిదారు సెకన్లు చాలావరకు దీనికే పోతున్నాయని నా అనుమానం. ఆ కబురు చేర్చే కమాండే ట్రిమ్. విండోస్ 7 వచ్చిన 2009 నుంచి విండోస్ దాన్ని తనంతట తానే పంపుతోంది. ఫ్రీబీఎస్‌డీలో యూఎఫ్ఎస్‌కు ఆ సదుపాయం 2012లో వచ్చిన 9.0 నుంచీ ఉంది. అయితే అది ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు విడిగా ఆన్ చేసే గుర్తు. ఒకప్పుడు ఆన్ చేయకుండా తయారు చేసిన ఫైల్ సిస్టమ్‌లో ఇప్పటికీ ఆఫ్‌లోనే ఉంటుంది.

ముందు బ్యాకప్ తీసుకోండి. తర్వాత సింగిల్ యూజర్ మోడ్‌లో (మరమ్మతు పనులకు వాడే కనీస మోడ్‌లో) బూట్ చేయండి. రాయడానికి మౌంట్ అయి (సిస్టమ్‌కు తగిలించి) ఉన్న ఫైల్ సిస్టమ్ మీద ట్యూన్‌ఎఫ్ఎస్‌తో మార్పు చేయడం కుదరదు కాబట్టి రూట్ (సిస్టమ్ ఉండే ప్రధాన ఫైల్ సిస్టమ్) చదవడానికి మాత్రమే ఉండాలి. అప్పుడు ట్యూన్‌ఎఫ్ఎస్‌కు చిన్న అక్షరాల టీ ఆప్షన్ ఇచ్చి 'ఎనేబుల్' అనండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేనూ మొదట అలాగే ఆపేశాను, ఏమీ మారలేదు. ఎందుకంటే అది ఇకమీదట డిలీట్ అయ్యే ఫైళ్లకే పనిచేస్తుంది. ఏడాదిగా పేరుకున్న పాత ఖాళీ సంగతి డ్రైవ్‌కు ఇంకా తెలియదు. దానికి యూఎఫ్ఎస్‌ను సరిచూసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరం 'ఈ' అనే ఆప్షన్ ఉంది. కేటాయించని బ్లాకులన్నిటినీ వెతికి, ఇవి అక్కర్లేదని డ్రైవ్‌కు చెబుతుంది. రెండూ చేసి రీబూట్ చేశాక నా ల్యాప్‌టాప్ మర్నాటికి మునుపటిలా అయింది. ఆ డ్రైవ్ ఇప్పటికీ పనిచేస్తోంది. జీస్టాట్‌కు మైనస్ డీ తగిలిస్తే డిలీట్ కబుర్లకు వేరే గడి కనిపిస్తుంది. పెద్ద ఫైల్ ఒకటి తీసేసి అక్కడ అంకెలు కదులుతున్నాయో లేదో చూడండి.

పాత ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఇంకో మాట. బూట్ సందేశాల్లో మీ డ్రైవ్ పేరు పక్కన బదిలీ వేగం ఉంటుంది. 600 అని ఉంటే సాటా 3, 300 అని ఉంటే సాటా 2. రెండోది అయితే మదర్‌బోర్డు హద్దే అది, ఎంత మంచి డ్రైవ్ పెట్టినా అంతకు మించదు. దాని కిందే కమాండ్ క్యూయింగ్ ఎనేబుల్డ్ అనే వరస ఉండాలి. లేకపోతే బయోస్‌లో డ్రైవ్ ఐడీఈ అనే పాత మోడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌కు మార్చండి. అప్పుడే డ్రైవ్ ఒకేసారి 32 కమాండ్ల దాకా చేతిలో ఉంచుకుని, తనకు అనువైన వరసలో చేయగలదు.

ప్రశ్న: ఫ్రీబీఎస్‌డీలో జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతున్నాను. డీడీ కమాండ్‌తో సున్నాలు రాయించి చూస్తే నా సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 3 జీబీ చూపించింది. కానీ 60 జీబీ వీడియోలు కాపీ చేస్తుంటే 450 ఎంబీతో మొదలై కాసేపటికి 80కి పడిపోతోంది. ఏది నమ్మాలి?

జవాబు: 80ని నమ్మండి. 3 జీబీ సాధ్యమే కాదు. సాటా 3 తీగ మీద సెకనుకు 6 గిగాబిట్లు వెళ్తాయి, ఒక్కో బైటుకు పది బిట్లు ఖర్చవుతాయి. అంటే 600 ఎంబీ. మిగతా ఖర్చులు పోను డ్రైవులు 550 దగ్గర ఆగుతాయి. మరి మీరు చూసిన 3 జీబీ ఎక్కడిది? మీరు రాయించింది సున్నాలు. జెడ్‌ఎఫ్ఎస్‌లో కంప్రెషన్ (డేటాను కుదించి రాయడం) ఆన్‌లో ఉంటే సున్నాల బ్లాకును అసలు రాయదు, అక్కడ ఖాళీ ఉందని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. మీరు కొలిచింది మీ ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ. డ్రైవ్ దాకా దాదాపు ఏమీ వెళ్లలేదు.

డ్రైవ్‌నే కొలవాలంటే డిస్క్‌ఇన్ఫో కమాండ్‌కు చిన్న టీ ఆప్షన్ ఇవ్వండి. అది ఫైల్ సిస్టమ్‌ను దాటి నేరుగా డ్రైవ్ నుంచి చదువుతుంది, చదవడమే కాబట్టి డేటాకు ప్రమాదం లేదు. అదే కమాండ్‌లో రాత కొలిచే ఆప్షన్ కూడా ఉంది. డేటా ఉన్న డ్రైవ్ మీద దాని జోలికి పోకండి, ఉన్నదాని మీదే రాసేస్తుంది. రోజువారీ పనికి దగ్గరగా కొలవాలంటే వేగం పరీక్షించే ఎఫ్ఐఓ ప్యాకేజీ వేసుకోండి. 4 కేబీ ముక్కలు, చెల్లాచెదురుగా, ఒకదాని తర్వాత ఒకటి చదివించండి. 500 అని పెట్టె మీద రాసుకునే సాటా డ్రైవులు ఈ పరీక్షలో 30, 40 ఎంబీ దగ్గర ఉండటం మామూలే. చూసి కంగారు పడకండి. హార్డ్‌డిస్క్ ఇదే పరీక్షలో ఒక ఎంబీ దాటడానికే ఆపసోపాలు పడుతుంది, ఎందుకంటే దాని ముల్లు ప్రతి ముక్కకూ కదిలి వెళ్లాలి.

ఇక 450 నుంచి 80కి పడిపోవడం. ఇప్పటి టీఎల్‌సీ, క్యూఎల్‌సీ డ్రైవులు ఒక్కో సెల్‌లో మూడు, నాలుగు బిట్లు పెడతాయి. అలా రాయడం నెమ్మది. అందుకని కొంత భాగంలో సెల్‌కు ఒక్క బిట్ చొప్పున గబగబా రాసుకుని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. మీ 60 జీబీ ఆ భాగాన్ని నింపేసింది, అక్కడి నుంచి డ్రైవ్ అసలు వేగం బయటపడింది. ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ తప్పేమీ లేదు, ఏది వాడినా ఇలాగే పడుతుంది. కాపీని రెండు మూడు విడతలుగా చేస్తే కాస్త తేడా తెలుస్తుంది.

జెడ్‌ఎఫ్ఎస్‌లో మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆటోట్రిమ్ (ట్రిమ్‌ను తనంతట తానే పంపడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయొచ్చు. నేనైతే ఆఫ్‌లోనే ఉంచి, వారానికోసారి పని లేని వేళ జెడ్‌పూల్ ట్రిమ్ కమాండ్ నడుపుతాను. చిన్న చిన్న ట్రిమ్‌లు పని మధ్యలో అడ్డు తగిలితే మొహమాటం లేకుండా తడబడే డ్రైవులు కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. పూల్ (జెడ్‌ఎఫ్ఎస్ డ్రైవుల చోటును కలిపి కట్టుకునే నిల్వ) 80 శాతం దాటి నిండితే ఖాళీ ముక్కలు వెతుక్కోవడానికే సమయం పోతుంది, అంతదాకా రానివ్వకండి. ఆషిఫ్ట్ (ఒకసారి రాసే కనీస ముక్క సైజును చెప్పే సెట్టింగు) విలువ 12 ఉందో లేదో కూడా చూడండి. 9 ఉంటే జెడ్‌ఎఫ్ఎస్ 512 బైట్ల లెక్కన రాస్తోందని అర్థం. పూల్ తయారు చేసేటప్పుడు స్థిరపడే విలువ అది, తర్వాత మారదు. తప్పుగా ఉంటే డేటా తీసి పూల్ మళ్లీ కట్టుకోవడమే దారి. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది.

ప్రశ్న: ఓపెన్‌బీఎస్‌డీలో వేల చిన్న ఫైళ్లను ఒకే కట్టగా చేర్చిన టార్ ఫైల్ విప్పితే నిమిషాలు పడుతోంది. ఇదే మెషిన్‌లో లినక్స్ సెకన్లలో ముగించేది. పాత గైడ్లలో వేగం కోసం సాఫ్ట్‌డెప్ అనే మౌంట్ ఆప్షన్ పెట్టమన్నారు, పెట్టాను, తేడా లేదు. ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన కనెక్షన్) డ్రైవ్ డబ్బు దండగేనా?

జవాబు: సాఫ్ట్‌డెప్ మీకు పనిచేయకపోవడానికి కారణం సులువు. 2023 అక్టోబరులో వచ్చిన 7.4 నుంచి ఆ ఆప్షన్ ఇచ్చినా సిస్టమ్ పట్టించుకోదు. పాత గైడ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

అసలు ఆలస్యం ఎక్కడంటే, ఒక ఫైల్ పుట్టినప్పుడు దాని పేరు, దాని పద్దు ఒక క్రమంలో డ్రైవ్ మీద పడాలి. ఓపెన్‌బీఎస్‌డీ ఫైల్ సిస్టమ్ అయిన ఎఫ్ఎఫ్ఎస్‌లో ఆ పద్దు రాతలు అప్పటికప్పుడే జరుగుతాయి. డ్రైవ్ 'రాశాను' అన్నాకే ముందుకు సాగుతుంది. హఠాత్తుగా కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ అడ్డదిడ్డంగా ఉండకూడదన్నది దాని పట్టుదల. లినక్స్ వాటిని ర్యామ్‌లో పోగేసి ఒక విడతగా పంపుతుంది. నలభై వేల ఫైళ్లంటే నలభై వేలసార్లకు పైగా ఆగి, జవాబు కోసం ఎదురుచూడటం. ఎన్‌వీఎంఈలో వేల క్యూలు ఉండొచ్చు, ఒక్కో క్యూలో వేల కమాండ్లు పట్టొచ్చు. ఒక్కొక్కటే పంపి ఆగేవాడికి ఆ వెడల్పు అక్కరకు రాదు. మీ డబ్బు దండగ కాలేదు లెండి, పెద్ద ఫైళ్లు చదివేటప్పుడు, ప్రోగ్రాములు తెరిచేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏది ఎలా మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌టాబ్ ఫైల్‌లో నోఎటైమ్ పెట్టండి, ఫైల్ చదివిన ప్రతిసారీ చదివిన వేళ రాసే పని తప్పుతుంది. టార్ విప్పి, బిల్డ్ చేసి, పారేసే పనులకు ర్యామ్‌లో ఉండే ఎంఎఫ్ఎస్ వాడండి. రీబూట్ అయితే అందులోది పోతుంది, అది గుర్తుంటే చాలు. బిల్డ్‌కని వేరే పార్టిషన్ ఉండి, అందులోది పోయినా మీకు బెంగ లేకపోతే దాన్ని ఎసింక్‌గా, అంటే రాత పూర్తయ్యేదాకా ఆగకుండా ఉండేలా, మౌంట్ చేయొచ్చు. మీ సొంత ఫైళ్లుండే హోమ్‌కు మాత్రం ఎసింక్ ఎప్పుడూ వద్దు.

ఇంకో సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఓపెన్‌బీఎస్‌డీ ఎఫ్ఎఫ్ఎస్‌లో ట్రిమ్ లేదు. మొదటి జవాబులో చెప్పిన కబురు ఇక్కడ వెళ్లదు. దానికి విరుగుడు, డ్రైవ్‌లో కొంత చోటు ఏ పార్టిషన్‌కూ ఇవ్వకుండా వదిలేయడం. పదీ పదిహేను శాతం వదిలితే డ్రైవ్ ఆ చోటును తన సర్దుబాట్లకు వాడుకుంటుంది. పెద్ద డ్రైవుల మీద ఇన్‌స్టాలర్ సొంతంగా పార్టిషన్లు వేస్తే హోమ్‌ను 300 జీబీ దగ్గర ఆపేసి మిగతాది అలాగే ఉంచుతుంది. కంగారుపడి దాన్ని కలిపేసుకోకండి. ఒక్క షరతు. ఆ చోటులో ఇంతకుముందు మీ లినక్స్ డేటా ఉండి ఉంటే డ్రైవ్ దాన్ని ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. కాబట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే రోజు వస్తే, ముందుగా లినక్స్ లైవ్ యూఎస్‌బీ నుంచి బ్లాక్‌డిస్కార్డ్ కమాండ్‌తో డ్రైవ్ మొత్తం ఖాళీ అని చెప్పించండి. డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. డ్రైవ్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొట్టండి.

ప్రశ్న: హైకూ బీటా 5ను ఎస్ఎస్‌డీ మీద వేశాను. బూట్ చూసి మా అబ్బాయి నోరెళ్లబెట్టాడు. కానీ సోర్స్ కోడ్ ఫోల్డర్ విప్పినా, తీసేసినా చాలాసేపు పడుతోంది. ఏమైనా చేయొచ్చా?

జవాబు: హైకూ గురించి అడిగారంటే నాకు పండగే. 2001లో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిపోయినప్పుడు దాన్ని ఇష్టపడ్డవాళ్లు మొదటి నుంచీ మళ్లీ రాయడం మొదలుపెట్టి, ఇంతదాకా లాక్కొచ్చిన సిస్టమ్ ఇది. ఎన్‌వీఎంఈ డ్రైవర్ 2020లో బీటా 2తో వచ్చింది, కాబట్టి కొత్త మెషిన్లలోనూ వేసుకోవచ్చు.

మీ ఆలస్యానికి కారణం బీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లోని సూచికలు. ప్రతి ఫైల్ పేరు, సైజు, చివరిగా మారిన సమయం మూడు వేర్వేరు సూచికల్లో నమోదవుతాయి. ఫలానా రోజు తర్వాత మారిన ఫైళ్లేవి అని అడిగితే క్షణంలో చూపించేది వాటి వల్లే. ఒక ఫైల్ పుట్టినా పోయినా ఆ సూచికలన్నీ దిద్దాలి, అదంతా జర్నల్‌లోనూ (మార్పుల చిట్టాలోనూ) రాయాలి. ముప్పై వేల ఫైళ్లకు ఆ పని ఎంతవుతుందో మీరే ఊహించండి.

దీనికి చక్కని దారి ఉంది. డ్రైవ్‌లో వేరే పార్టిషన్ చేసి, డ్రైవ్‌సెటప్‌లో దాన్ని బీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసేటప్పుడు క్వెరీలకు (సూచికలతో వెతకడానికి) మద్దతు అన్న టిక్ తీసేయండి. సూచికలు ఉండవు, సోర్స్ కోడ్ అక్కడ పెట్టుకోండి. బూట్ అయ్యే పార్టిషన్‌కు మాత్రం ఆ టిక్ ఉండి తీరాలి. ట్రిమ్ సంగతి కూడా చూడండి. హైకూ దాన్ని తనంతట తాను పంపదు. టెర్మినల్‌లో ఎఫ్ఎస్‌ట్రిమ్ అనే కమాండ్ ఉంది, బ్యాకప్ తీసుకున్నాక నడపండి.

ప్రశ్న: ఎస్ఎస్‌డీ మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) పెడితే డ్రైవ్ త్వరగా అరిగిపోతుందంటున్నారు. తీసేయమంటారా?

జవాబు: వద్దు, ఉండనివ్వండి. మీ డ్రైవ్ వివరాల్లో ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో ఉంటుంది. 150 అనుకుందాం. రోజుకు 20 జీబీ రాసినా అది 7,500 రోజులు, అంటే ఇరవై ఏళ్లు. లెక్క మీద నమ్మకం కుదరకపోతే డ్రైవ్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌మాన్‌టూల్స్ వేసి, ఎన్‌వీఎంఈ డ్రైవ్ అయితే పర్సంటేజ్ యూజ్డ్ అన్న వరస చూడండి. ఈ రోజు అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూసి ఎంత పెరిగిందో నాకు రాయండి. స్వాప్ రోజంతా నిండి ఉంటున్నట్టయితే మాత్రం మీకు కావాల్సింది ఇంకాస్త ర్యామ్.